అమ్మమ్మ తడబాటు వేరు, మనవడి తడబాటు వేరు

ప్రశ్న: మా అమ్మకు 56 ఏళ్లు. చిన్నప్పుడు బడికి పంపలేదు. ఎనిమిది నెలలుగా వయోజనుల క్లాసుకు వెళ్తోంది. మా బాబుకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. ఈమధ్యే పరీక్షలు చేసి డిస్లెక్సియా అన్నారు, అంటే తెలివికి లోటు లేకపోయినా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది అట. రోజూ సాయంత్రం ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టుకుని ఒకే పుస్తకం చదివిస్తున్నాను. ఇద్దరూ ఒకే పేజీలో, ఇంచుమించు ఒకే మాటల దగ్గర ఆగిపోతున్నారు. ఇద్దరిదీ ఒకటే సమస్యా? ఇద్దరికీ ఒకేలా నేర్పవచ్చా? బంధువులేమో "అమ్మమ్మ పోలిక, ఏం చేస్తాం" అంటున్నారు. ఆ మాట చెవిన పడినప్పటి నుంచి అమ్మ "నా మొద్దుబుర్రే వాడికీ వచ్చింది, నేనిక క్లాసుకు వెళ్లను" అని కూర్చుంది. ఆమెకు నేనేం చెప్పాలి?

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదట్లో కొన్నేళ్లు పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పాను, తర్వాత డిస్లెక్సియా ఉన్న పిల్లలతో పని చేశాను. మీ ప్రశ్న నన్ను కూడా చాలాకాలం వెంటాడింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. మీ అమ్మగారి విషయం చివర్లో చెబుతాను. ముందు మిగతావి తెలిస్తేనే అది సరిగ్గా అర్థమవుతుంది.

ఇద్దరూ ఆగిపోయే చోటు ఒకటే కావచ్చు. ఆగిపోవడానికి కారణం మాత్రం ఒకటి కాదు. ఇవాళ సాయంత్రం ఒక పని చేయండి. ఇద్దరినీ కలిపి కాకుండా విడివిడిగా, ఒకరు చదివేటప్పుడు రెండోవాళ్లు వినకుండా చదివించండి. తప్పులు లెక్కపెట్టకండి. ఏ తప్పు ఎలా చదివారో ఉన్నదున్నట్టు ఒక కాగితం మీద రాసుకోండి.

"కమల కుండలో నీళ్లు తెచ్చింది" అన్న వాక్యం తీసుకుందాం. మీ అమ్మగారిలా కొత్తగా నేర్చుకుంటున్న పెద్దవాళ్లు దీన్ని "కమల కుండలో నీళ్లు పోసింది" అని చదవడం నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. కమల, కుండ, నీళ్లు అన్న మాటలు ఆమెకు మొహం చూసి మనిషిని పోల్చుకున్నట్టు రూపంతో గుర్తుండిపోయాయి. ఆ మూడూ దొరికాక నాలుగోది ఏమై ఉంటుందో ఆమె జీవితానుభవమే చెప్పేస్తుంది. అక్షరం తప్పినా అర్థం తప్పదు.

అదే వాక్యం మీ బాబు చదివితే "క... మ... ల... కు... కుం... డ... లో... ని... నీ... ళు..." అని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వస్తాడు. దీర్ఘం ఒకచోట రాలిపోతుంది, సున్న ఒకచోట, వత్తు ఇంకొకచోట. ఎలాగో చివరికి చేరాక "నీళ్లు ఎవరు తెచ్చారు?" అని అడగండి. మళ్లీ వాక్యం మొదటికి వెళ్లి వెతుక్కుంటాడు. అక్షరాల బరువు మోయడానికే వాడి బుర్రంతా సరిపోయింది, అర్థానికి చోటు మిగల్లేదు.

ఇంకా తేటగా తెలియాలంటే అర్థం లేని మాట ఒకటి రాసి చూపించండి. నేను "గునాబి" అని రాసేదాన్ని. పెద్దవాళ్లలో చాలామంది ఒక్క క్షణం చూసి ధీమాగా "గులాబి" అనేవారు. తెలిసిన మాటల్లో దానికి దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకునేవారు. డిస్లెక్సియా పిల్లలు "గు... న... బి" అనో "గునబ" అనో అనేవారు. గులాబి జోలికే వెళ్లేవారు కాదు. వాళ్లు అక్షరాలతోనే కుస్తీ పడుతున్నారు, కానీ అవి చేతికి చిక్కడం లేదు.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. డాఫ్నీ గ్రీన్‌బర్గ్, లినియా ఎరి, డొలొరెస్ పెరిన్ అనే ముగ్గురు పరిశోధకులు చదువు నేర్చుకుంటున్న పెద్దవాళ్లను, అంతే చదవగలిగే మూడు నుంచి ఐదో తరగతి పిల్లలను పక్కపక్కన పెట్టి చూశారు. వాళ్ల పరిశోధన 1997లో వచ్చింది. మాటను శబ్దాలుగా విడదీయడంలో, అర్థం లేని మాటలు చదవడంలో పెద్దవాళ్లు పిల్లలకంటే వెనకబడ్డారు. మాట రాతలో ఎలా ఉంటుందో గుర్తుపెట్టుకోవడంలో మాత్రం పిల్లలకంటే ముందున్నారు. చదవడంలో ఇద్దరి మట్టమూ ఒకటే, అక్కడికి చేరిన దారులే వేరు. ఆ పిల్లలు డిస్లెక్సియా ఉన్నవాళ్లు కారు, మామూలు పిల్లలే. పెద్దవాళ్ల తడబాటుకు తనదైన తీరు ఒకటుందని మాత్రం ఆ పరిశోధన స్పష్టంగా చూపించింది.

మరి ఆ శబ్దాల సంగతి పెద్దవాళ్లకు ఎందుకు కొరుకుడు పడదు? బుర్ర మొద్దు కావడం వల్ల మాత్రం కాదు. ఈ విషయం మీ అమ్మగారికి చదివి వినిపించండి. 1979లో జోసే మొరైస్, ఆయన సహచరులు పోర్చుగల్‌లో రెండు రకాల పెద్దవాళ్లను పరీక్షించారు. ఒక గుంపు అక్షరం ముక్క రానివాళ్లు. రెండోది అలాంటి కుటుంబాల నుంచే వచ్చి పెద్దయ్యాక చదువు నేర్చుకున్నవాళ్లు. ఒక మాట చెప్పి, దాని మొదటి హల్లు తీసేసి మిగిలింది పలకమన్నారు. చదువు రానివాళ్లకు అది దాదాపు అసాధ్యమైంది. పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్లు మాత్రం చాలావరకు చేయగలిగారు. మాటలో శబ్దాలు విడివిడిగా ఉన్నాయన్న ఎరుక వయసుతో దానంతటదే రాదని, అక్షరాలు నేర్చుకున్నప్పుడే వస్తుందని దీనితో తేలింది. ఏ వయసులో నేర్చుకున్నా వస్తుంది. అంటే అది మీ అమ్మగారిలో ఉన్న లోపం కాదు. ఆమెకు ఎవరూ ఇవ్వని వస్తువు.

2010లో మెదడు శాస్త్రవేత్త స్టానిస్లాస్ దెహేన్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసి మెదడునే చూసింది. పోర్చుగల్, బ్రెజిల్ దేశాల్లో 63 మంది పెద్దవాళ్లను తీసుకున్నారు. కొందరికి చదువు రాదు, కొందరు పెద్దయ్యాక నేర్చుకున్నారు, కొందరు చిన్నప్పుడే నేర్చుకున్నారు. అక్షరాలను గుర్తుపట్టే చోటు ఒకటి మెదడు వెనక భాగంలో ఎడమ వైపు ఉంటుంది. పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్లలో కూడా రాత చూడగానే ఆ చోటు స్పందించింది. "ఈ వయసులో బుర్రకెక్కుతుందా" అని మీ అమ్మగారు ఎప్పుడైనా అంటే ఆమెకు చెప్పగలిగిన నిజం ఇది.

ఇక బాబు సంగతి. వాడికి అక్షరాలు అందాయి, నాలుగేళ్లుగా అందుతూనే ఉన్నాయి. కానీ అక్షరానికీ శబ్దానికీ మధ్య ముడి పడడం లేదు, పడ్డది నిలవడం లేదు. ఇది తెలివితేటలకు సంబంధించింది కాదు. 1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే ఇంగ్లండ్ డాక్టర్ ఇలాంటి 14 ఏళ్ల కుర్రాడి గురించి మొదటిసారి ఒక వైద్య పత్రికలో రాశాడు. చదువంతా నోటితోనే చెప్పి ఉంటే స్కూలు మొత్తంలో వీడే చురుకైనవాడు అయ్యేవాడని ఆ కుర్రాడి టీచరు అన్నాడట. ఇలాంటి పిల్లలతో పని చేసిన ఎవరికైనా ఆ మాట ఎంత నిజమో తెలుసు.

డిస్లెక్సియా అన్నారని రాశారు గానీ ఏం పరీక్షలు చేశారో రాయలేదు. మన లిపి విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. ఇంగ్లీషు పిల్లలు 26 అక్షరాలు నేర్చుకుంటే అక్షరాల పని అయిపోయినట్టే. మన పిల్లలకు గుణింతాలు, వత్తులు కలిపితే గుర్తుపట్టాల్సిన రూపాలు నాలుగు వందలకు పైనే. తెలుగు లిపికి చెల్లెలు లాంటి కన్నడ మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన కూడా ఇదే చెప్పింది. అక్షరాలన్నీ పూర్తిగా పట్టుబడడానికి అక్కడి పిల్లలకు మొదటి ఒకటి రెండు తరగతులు సరిపోవు. కాబట్టి తొమ్మిదేళ్ల పిల్లాడు "స్త్రీ", "క్ష్మి" దగ్గర ఆగిపోవడం ఒక్కటే డిస్లెక్సియాకు గుర్తు కాదు. మ, య తారుమారు కావడం కూడా అంతే. తోటివాళ్లందరికీ ఎప్పుడో వచ్చేసిన గుడి, కొమ్ము, ఏత్వం ఇంకా కలగాపులగం అవుతున్నాయా, విడిగా కూర్చోబెట్టి నేర్పినా నెలల తరబడి కదలిక లేదా, తప్పులు తగ్గినా వేగం రావడం లేదా అన్నవి చూడాలి. రాసింది రాసినట్టే పలికే భాషల్లో డిస్లెక్సియా తప్పులకంటే నెమ్మదిలోనే ఎక్కువ బయటపడుతుంది. జర్మన్, ఇటాలియన్ పిల్లల మీద జరిగిన పరిశోధనలు ఈ మాట గట్టిగా చెప్పాయి. తెలుగు కూడా ఆ కోవలోదే. ఇంగ్లీషు పాఠాలు చదివించి మాత్రమే పరీక్ష చేసి ఉంటే, తెలుగులో కూడా చూడమని అడగండి.

ఇంకో విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు అసలు మూలం అక్కడే ఉంది. డిస్లెక్సియా పిల్లల్లో కనిపిస్తాయని చెప్పే లక్షణాలు కొన్ని చదువు రాని పెద్దవాళ్లలో కూడా కనిపిస్తాయి. శబ్దాలు విడదీయలేకపోవడం, కొత్త మాట ఒకసారి విని తిరిగి అనలేకపోవడం, అద్దంలో బొమ్మలా తిరగబడిన ఆకారాన్ని అసలుదానితో పొరపడడం లాంటివి. ఫాల్క్ హ్యూటిగ్, ఆయన సహచరులు 2018లో ఈ పోలికను ముందుపెట్టి ఒక మంచి ప్రశ్న వేశారు. ఇవన్నీ డిస్లెక్సియాకు కారణాలా, లేక తక్కువ చదవడం వల్ల వచ్చిన ఫలితాలా? చదువు రాని పెద్దవాళ్లకు డిస్లెక్సియా లేకపోయినా ఇవి ఉన్నాయంటే, పిల్లల్లో కూడా వీటిలో కొంత భాగం చదవకపోవడం వల్లే పేరుకుపోయి ఉండాలి కదా.

నాకు ఇది చాలా ముఖ్యంగా తోస్తుంది. మీ బాబుకు ఉన్న అసలు ఇబ్బంది ఒక పాలు అయితే, ఆ ఇబ్బంది వల్ల చదవడం మానేసి, మానేయడం వల్ల ఇంకా వెనకబడడం రెండో పాలు. మొదటిదాన్ని మనం పూర్తిగా తీసేయలేం. రెండోది మాత్రం మన చేతుల్లో ఉంది. మీ అమ్మగారికి ఉన్నది చాలావరకు ఆ రెండో పాలే. ఇద్దరూ మీ కళ్లకు ఒకేలా కనిపించడానికి కారణం కూడా అదే.

నేర్పడం ఎలాగో ఇప్పుడు చెబుతాను. దానికంటే ముందు ఇద్దరి కళ్లూ, బాబు చెవులూ చూపించండి. మీ అమ్మగారి వయసులో చత్వారం ఉండకుండా ఉండదు. నా క్లాసులో ఒకావిడ మూడు నెలలు బ, భ తేడా పట్టలేకపోయింది. రోజూ పుస్తకం చేతులు చాచి దూరంగా పట్టుకునేది. నేను రోజూ చూశాను, నాకు తట్టలేదు. పాఠం మళ్లీ మళ్లీ చెబుతూ పోయాను. చివరికి పక్కావిడ కళ్లద్దాలు సరదాగా పెట్టుకుని చూసి "అమ్మో, దీనికి కింద గీత ఉందా" అంది. ఆ మూడు నెలలూ ఆమె తనను తాను తిట్టుకుంటూ గడిపింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

బాబు విషయంలో కళ్లద్దాల అవసరం ఉంటే పెట్టించండి గానీ, రంగు అద్దాలతో, కంటి వ్యాయామాలతో డిస్లెక్సియా పోతుందని ఎవరైనా చెబితే డబ్బు పోగొట్టుకోవద్దు. వాటికి ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం, కంటి వైద్యుల సంఘాలతో కలిసి 2009లోనే ప్రకటించింది.

మీ ఇంట్లో ఇప్పుడు నేర్పుతున్న తీరు నాకు తెలియదు. కానీ చాలామంది గుణింతం పాటలా నేర్పుతారు. క, కా, కి, కీ అని రాగం తీసి అప్పజెప్పిస్తారు. పిల్లాడు తప్పు లేకుండా అప్పజెబుతాడు, మనం మురిసిపోతాం. ఒక కాగితం మీద "కె" అని ఒక్కటే రాసి ఇదేంటని అడగండి. వాడి పెదాలను గమనించండి. క, కా, కి, కీ, కు, కూ... అని లోపల పాడుకుంటూ వచ్చి, ఆ అక్షరం దగ్గరికి చేరాక ఆగుతాడు. అంటే వాడికి వచ్చింది పాట, అక్షరం కాదు. మీ అమ్మగారికీ ఇలాగే జరుగుతూ ఉండవచ్చు.

అందుకే గుణింతాన్ని అడ్డంగా తిప్పండి. ఒక వారం దీర్ఘం మాత్రమే తీసుకోండి. కా, మా, రా, పా, తా, లా. అప్పుడు మారేది హల్లు, నిలబడేది ఆ దీర్ఘం. కన్ను దాన్ని పట్టుకుంటుంది, చెవి "ఆ"ను పట్టుకుంటుంది. వెంటనే ఆ అక్షరాలతో మాటలు చేయించండి. పాప, మామ, తాత, రాత, పాట. అది గట్టిపడితే గుడి ఎత్తుకోండి, గుడి వచ్చాక పక్కన దీర్ఘం పెట్టి రెండూ కలిపి అడగండి. మిల, మాల... ఇలా అర్థం లేనివి కూడా మధ్యలో వేయండి, ఊహించి చెప్పే అవకాశం ఉండదు. బాబుకు ఒక గుర్తు మీద రెండు మూడు వారాలు పట్టినా కంగారు పడకండి, ముందుకు తోయకండి. పాతవి రోజూ రెండు నిమిషాలు తిరగేస్తూ ఉండండి. వేలితో దిద్దుతూ పైకి పలకమనండి. వంద సార్లు ఇంపోజిషన్ రాయించడం మాత్రం వద్దు. పదోసారికి చెయ్యి రాస్తుంటుంది, మనసు అక్కడ ఉండదు.

ఇంతవరకు ఇద్దరికీ ఒకటే. శబ్దానికీ అక్షరానికీ ఉన్న లంకెను దాచకుండా, ఊహకు వదలకుండా, విడమరిచి చెప్పడం ఇద్దరికీ కావాలి. ఇక్కడి నుంచి దారులు విడిపోతాయి.

మీ అమ్మగారికి నాలుగో తరగతి పుస్తకం పెట్టకండి. యాభై ఆరేళ్లు లోకం చూసిన మనిషి చేత చిలుక, పిల్లి పాఠాలు చదివిస్తే ఆమె తనను తానే చిన్నబుచ్చుకుంటుంది. ఆమెకు కావలసిన మాటలేంటో అడగండి. మనవడి పేరు, తన సంతకం, మందు డబ్బా మీది రాత, ఫోన్లో ఎవరు చేస్తున్నారో చూపించే పేరు. బ్రెజిల్‌లో పావులో ఫ్రెయిరె అనే విద్యావేత్త 1963లో అంగికోస్ అనే ఊళ్లో 300 మంది కూలీలకు ఇలాగే మొదలుపెట్టాడు. ఆయన పద్ధతిలో బాగా పేరు పడ్డ మాట "తిజోలో", అంటే ఇటుక. ముందు ఇటుక గురించి, దాన్ని మోసేవాళ్ల గురించి మాట్లాడుకునేవారు. తర్వాత మాటను తి, జో, లో అని విడగొట్టి, ఒక్కోదాని కుటుంబం రాసేవారు. త, తె, తి, తొ, తు. అంటే గుణింతమే! మన దగ్గర గుణింతం ముందు, మాట తర్వాత. ఆయన దగ్గర బతుకులోని మాట ముందు, గుణింతం దానిలోంచి. పెద్దవాళ్లకు ఇదే సరైన వరుస అని నేను గట్టిగా నమ్ముతాను.

ఆమె కథలు, కబుర్లు చెప్పేటప్పుడు నాలుగు వాక్యాలు మీరు ఆమె మాటల్లోనే పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. మర్నాడు అవే చదివించండి. తన మాట తనకు తెలుసు కాబట్టి ఊహించి చెప్పేస్తుంది. అప్పుడు వాక్యాన్ని ఒక్కో మాటగా కత్తిరించి కలిపేసి ఇవ్వండి, ఊహ ఆగి చూపు మొదలవుతుంది.

ఆ తర్వాత వేగం. పెద్దవాళ్లలో చాలామంది ఇక్కడే మానేస్తారు. అక్షరాలన్నీ వచ్చాక కూడా ఒక్కో మాట దగ్గర నాలుగైదు సెకన్లు ఆగితే, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు జారిపోతుంది. అర్థం కాని చదువు ఎవరికి మాత్రం రుచిస్తుంది? దీనికి మందు ఒకటే, చదివిందే మళ్లీ చదవడం. ఐదారు వాక్యాలు, రోజుకు మూడుసార్లు, నాలుగు రోజులు. కొత్త పేజీ తిప్పాలన్న తొందర వద్దు. సెకనుకు ఒక మాట చొప్పున సాగేదాకా రోజూ పావుగంట ఆగకుండా చేయించండి.

బాబుకు కూడా ఈ తిరగ చదవడం పని చేస్తుంది, కానీ వాడికి ఇంకొకటి కూడా అవసరం. వాడు చదవగలిగే పుస్తకం వాడి బుర్రకు సరిపోదు. బుర్రకు సరిపోయే పుస్తకం చదవలేడు. ఈ మధ్యలో పడి మాటలు, సంగతులు అందక ఎండిపోకూడదు. అందుకని వాడి వయసు పుస్తకాలు మీరు చదివి వినిపించండి. తొమ్మిదేళ్లవాడికి చదివి పెట్టడం ఏంటని ఎవరైనా అంటే పట్టించుకోకండి. చదవడమంటే అక్షరాలు విప్పడం, విప్పిన మాటను అర్థం చేసుకోవడం, ఈ రెండూను. ఒకటి నేర్చుకుంటున్నంత కాలం రెండోది ఆగిపోనక్కర్లేదు. స్కూల్లో టీచరుతో మాట్లాడి మూడు విషయాలు అడగండి. క్లాసులో అందరి ముందు లేపి చదివించవద్దని, పరీక్షలో కొంచెం ఎక్కువ టైమ్ ఇవ్వమని, వచ్చిన జవాబును నోటితో చెప్పనివ్వమని. దీంతోపాటు డిస్లెక్సియా పిల్లలకు పద్ధతిగా నేర్పే టీచరు ఎవరైనా దొరికితే వారానికి రెండు మూడు సార్లు వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. ఇంట్లో మీరు ఎంత చేసినా ఆ సాయం వేరు. పైగా మీరు వాడికి అమ్మగా మిగలాలి కదా, ఎప్పుడూ టీచరుగానే కాకుండా.

ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి పైకి చదివించడం మాత్రం రేపటి నుంచి మానేయండి. మీరు మంచి ఉద్దేశంతోనే చేశారు, నాకు తెలుసు. కానీ అక్కడ రోజూ ఒక పోటీ జరుగుతోంది, ఇద్దరూ ఓడిపోతున్నారు. ఆమె తప్పు వాడు వింటున్నాడు, వాడి తప్పు ఆమె వింటోంది, ఆమెకు అది తన తప్పులా వినిపిస్తోంది.

ఇక "అమ్మమ్మ పోలిక" అన్న మాట. డిస్లెక్సియా కుటుంబాల్లో నడుస్తుంది, అది నిజమే. బడికి వెళ్లకపోవడం రక్తంలో రాదు, అదీ నిజమే. మీ అమ్మగారికి చదువు రాకపోవడానికి ఆమెను బడికి పంపకపోవడమే చాలు, వేరే కారణం వెతకనక్కర్లేదు. ఆమెకు డిస్లెక్సియా కూడా ఉందేమోనన్న అనుమానం తీరాలంటే, కళ్లద్దాలు పెట్టించి, ఇప్పుడు చెప్పినట్టు ఓ ఏడాది సరిగ్గా నేర్పి, ఆమెతో పాటు మొదలుపెట్టినవాళ్లకు వచ్చి ఆమెకు రాకపోతే అప్పుడు ఆలోచించాలి. ఒకవేళ ఉందని తేలినా అది నేరం కాదు. నేర్పే పద్ధతీ పెద్దగా మారదు, ఓపిక పెరగాలి అంతే.

ఆమెకు ఏం చెప్పాలని అడిగారు. నోటితో చెబితే నమ్మకపోవచ్చు, కూతురు ఓదారుస్తోందనుకుంటుంది. అందుకని పుస్తకాలన్నీ పక్కన పెట్టి, ముగ్గురూ కూర్చుని "క" భాష ఆడండి. చిన్నప్పుడు పెద్దవాళ్లకు తెలియకూడదని మనం మాట్లాడుకున్నదే. "నువ్వు ఎప్పుడు వస్తావు" అనడానికి "కను కవ్వు కఎ కప్పు కడు కవ కస్తా కవు". ఒక్కో అక్షరం ముందు ఒక్కో క. దీనికి చదువు అక్కర్లేదు. హల్లును విడదీయడం రాకపోయినా, మాటను ఇలా ముక్కలుగా విరవడం, ప్రాస పట్టడం చదువు రానివాళ్లు చాలా మెరుగ్గా చేస్తారని మొరైస్ బృందమే తర్వాత చేసిన పరిశోధనలో చూసింది. నా క్లాసులో ఒక్క అక్షరం రాని ఆడవాళ్లు ఈ భాషలో గడగడా పోట్లాడుకునేవారు. డిస్లెక్సియా పిల్లల్లో చాలామంది మాత్రం మూడో ముక్క దగ్గరే తప్పిపోయేవారు. అక్షరాలు వాళ్లకే ఎక్కువ తెలుసు, అయినా.

మీ ఇంట్లోనూ అలాగే జరగవచ్చని నా అంచనా. వాడు తడబడినప్పుడు మీరు కలగజేసుకోకండి. మీ అమ్మగారిని చూడనివ్వండి. తనకు నోటి చివర ఉన్నది వాడికి ఎక్కడ జారిపోతోందో ఆమె చెవికే తెలుస్తుంది. అప్పుడు అడగండి, వాడి కోసం కాస్త నెమ్మదిగా, రెండక్షరాల మాటలతో మొదలుపెట్టి, రోజూ పది నిమిషాలు ఈ ఆట ఆడించగలవా అమ్మా అని.